సొంత కెర్నల్‌లో డిస్కుల పేర్లు: రకాన్ని బట్టి పెట్టాలా, వరుస నంబరు చాలా?

చిన్న_కెర్నల్ (ప్రశ్న):

అందరికీ నమస్తే. పగలు ఆఫీసు పని, రాత్రిళ్లు సరదాకి సీలో ఒక చిన్న కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) రాసుకుంటున్నాను. రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ల కోసం, ప్రస్తుతానికి క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్ మీద నడుస్తోంది. మొన్నటి దాకా నా కెర్నల్‌కి డిస్కు అంటే ఒక్కటే, వర్ట్‌ఐఓ బ్లాక్ (వర్చువల్ మెషీన్ ఇచ్చే డిస్కు). ఫైల్‌సిస్టమ్ నేరుగా ఆ డ్రైవర్‌ని పిలిచి "ఫలానా సెక్టార్ ఇవ్వు" అనేది. డిస్కుకి పేరూ లేదు, ఊరూ లేదు.

ఇప్పుడు సాటా డిస్కుల కోసం ఏహెచ్‌సీఐ డ్రైవర్ పనిచేస్తోంది, ఎన్‌వీఎంఈ (పీసీఐ మీద నేరుగా కూర్చునే ఎస్ఎస్‌డీలది) సగంలో ఉంది. తర్వాత నా దగ్గరున్న బోర్డు మీదకి తీసుకెళ్లాలి. దాంట్లో ఎస్‌డీ కార్డు స్లాట్ ఉంది, బూట్ కోడ్ పెట్టుకోవడానికి ఒక చిన్న ఎస్‌పీఐ ఫ్లాష్ చిప్ కూడా ఉంది. వీటన్నిటికీ కలిపి ఒక పద్ధతి కావాలి.

లైనక్స్‌లో చూస్తే సాటా డిస్కు ఎస్‌డీఏ. ఎన్‌వీఎంఈ అయితే ఎన్‌వీఎంఈ0ఎన్1. ఎస్‌డీ కార్డు ఎంఎంసీబీఎల్‌కే0. వర్చువల్ మెషీన్‌లో వీడీఏ. పెన్ డ్రైవ్ పెడితే మళ్లీ ఎస్‌డీబీ. ఇందులో లాజిక్ నాకు అంతుపట్టలేదు. నేనూ ఇలాగే రకానికో పేరు పెట్టాలా, లేక అన్నిటికీ డిస్క్0, డిస్క్1 అని పెడితే సరిపోతుందా? అన్నిటికీ ఒకే స్ట్రక్చర్ పెట్టి రీడ్, రైట్ ఫంక్షన్ పాయింటర్లు ఇస్తే చాలా? సెక్టార్ 512 బైట్లు అని అంతటా రాసి పారేశాను, అది కూడా టెన్షన్‌గానే ఉంది.

కాపీ_పేస్ట్:

అంత ఆలోచన ఎందుకు భయ్యా. లైనక్స్ ఎలా చేస్తే అలా చేసెయ్. రేపు ఎవరైనా నీ కెర్నల్ బూట్ చేస్తే పేర్లు చూడగానే అర్థమవుతాయి. ఇన్నేళ్లుగా నడుస్తున్న పద్ధతి తప్పెలా అవుతుంది?

కేబుల్_మామ:

కాపీ కొట్టొచ్చు, కానీ ఏది కాపీ కొడుతున్నామో తెలియాలి కదా. నేను స్టోరేజీ డ్రైవర్ల మీదే బతుకుతున్నవాణ్ణి, కాబట్టి కాస్త పొడుగ్గా చెబుతాను. ఓపిక పట్టండి.

లైనక్స్ పేర్లు ఎవరూ కూర్చుని ప్లాన్ చేసినవి కావు. డిస్కుని ఏ డ్రైవర్ పట్టుకుంటే ఆ డ్రైవర్ పేరు దానికి వచ్చింది, అంతే. పాత ఐడీఈ (సాటాకి ముందు తరం కనెక్షన్, ఒక్కో కేబుల్‌కి మాస్టర్, స్లేవ్ అని రెండు డిస్కులు) రోజుల్లో ప్రైమరీ మాస్టర్ హెచ్‌డీఏ, ప్రైమరీ స్లేవ్ హెచ్‌డీబీ, సెకండరీ మాస్టర్ హెచ్‌డీసీ. మధ్యలో హెచ్‌డీబీ లేకపోయినా సెకండరీ మాస్టర్ మీదున్న సీడీ డ్రైవ్ హెచ్‌డీసీగానే ఉండేది. అంటే ఆ అక్షరం కేబుల్ మీద స్థానాన్ని చెప్పేది. స్కజీ (సర్వర్లలో వాడిన ఇంకో రకం డిస్కు కనెక్షన్) వాళ్ల ఎస్‌డీఏ, ఎస్‌డీబీల్లో అక్షరం అలా కాదు. ఈ ఎస్‌డీకి ఎస్‌డీ కార్డుతో సంబంధం లేదు. కనిపించిన వరుసలో ఏ, బీ, సీ. మధ్యలో ఒక డిస్కు తీసేసి బూట్ చేస్తే దాని తర్వాతవన్నీ ఒక్కో అక్షరం ముందుకి జరిగేవి. హెచ్‌డీబీ, ఎస్‌డీబీ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, చెప్పే సంగతి మాత్రం పూర్తిగా వేరు.

తర్వాత సాటా వచ్చింది. దాని డ్రైవర్ లిబ్‌ఏటీఏని స్కజీ పొర కింద పెట్టారు, ఎందుకంటే క్యూలు, ఎర్రర్ హ్యాండ్లింగ్ అప్పటికే అక్కడ రెడీగా ఉన్నాయి. దాంతో స్కజీ కాని సాటా డిస్కులు కూడా ఎస్‌డీ పేరుతోనే తిరగడం మొదలైంది. 2007లో ఫెడోరా 7 పాత ఐడీఈ డిస్కుల్ని కూడా లిబ్‌ఏటీఏకి మార్చేసరికి, కేబుల్ కదలకుండానే హెచ్‌డీఏ కాస్తా ఎస్‌డీఏ అయిపోయింది. ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డిస్కు ఎక్కడ మౌంట్ చేయాలో చెప్పే ఫైల్) హెచ్‌డీఏ అని రాసుకున్నవాళ్ల సంగతి ఊహించుకోండి.

పేరు మారడం కంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది. హెచ్‌డీలో ఒక డిస్కుకి 63 పార్టిషన్లు ఉండొచ్చు, ఎస్‌డీలో 15 మాత్రమే. కెర్నల్ లోపల ప్రతి డివైసుకీ రెండు నంబర్లు: డ్రైవర్‌ని చెప్పేది మేజర్, దాని కిందున్న డిస్కునో పార్టిషన్‌నో చెప్పేది మైనర్. మైనర్ నంబరుకి 8 బిట్లే ఉన్న రోజుల్లో ఐడీఈ వాళ్లు 256 మైనర్లలో డిస్కుకి 64 చొప్పున వాడారు, స్కజీ వాళ్లు ఎక్కువ డిస్కులు పట్టాలని డిస్కుకి 16 చొప్పున ఇచ్చారు. పాత డిస్కులో 20 పార్టిషన్లు చేసుకున్న మనిషికి కొత్త కెర్నల్‌లో 15 దాటినవి కనిపించలేదు. తర్వాత లైనక్స్ 2.6.28లో మేజర్ 259 కింద అదనపు మైనర్లు ఇచ్చి ఆ ఇరుకు తీర్చారు. మీ ఎన్‌వీఎంఈ డిస్కు మేజర్ నంబరు చూడండి, 259యే ఉంటుంది. నంబరులో అర్థం దాస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. పాత ఐడీఈ కోడ్‌ని చివరికి 2021లో, 5.14 వెర్షన్‌లో, పూర్తిగా తీసేశారు.

ఇంకో సంగతి. యూఎఫ్‌ఎస్ స్టోరేజీ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల కూడా ఎస్‌డీఏయే ఉంటుంది, యూఎఫ్‌ఎస్ మాట్లాడేది స్కజీ కమాండ్లే కాబట్టి. తిరిగే హార్డ్ డిస్కు, సాటా ఎస్ఎస్‌డీ, పెన్ డ్రైవ్, ఫోన్ చిప్, అన్నీ ఎస్‌డీయే. ఇక ఆ పేరు చూసి ఏం తెలుసుకుంటాం?

సరే, స్థానాన్నే పేరులో పెడదాం అన్నవాళ్లూ ఉన్నారు. సొలారిస్‌లో సీ0టీ0డీ0ఎస్0 అని ఉంటుంది: కంట్రోలర్, టార్గెట్, డిస్కు, స్లైస్. హైదరాబాద్ పాత డోర్ నంబర్ల లాంటిదన్నమాట, వార్డు, బ్లాకు, ఇల్లు. చూడ్డానికి చక్కగా ఉంటుంది. మధ్యలో కొత్త ఇల్లు లేచాక బై ఏ, బై ఏ బై 2 అని తోకలు పెరగడం మొదలవుతుంది. సొలారిస్‌లోనూ అదే జరిగింది. ఫైబర్ చానెల్ డిస్కులు, ఒకే డిస్కుకి రెండు దారులు వచ్చాక టీ తర్వాత చిన్న అంకె స్థానంలో పొడుగాటి వరల్డ్‌వైడ్ నేమ్ (ప్రపంచంలో ఆ డిస్కుకి మాత్రమే ఉండే నంబరు) దూర్చాల్సి వచ్చింది. లైనక్స్ కూడా ఈ దారి తొక్కి చూసింది. 2000లో చేరిన డెవ్‌ఎఫ్‌ఎస్‌లో డిస్కు పేరు హోస్ట్0, బస్0, టార్గెట్0, లన్0 అని డైరెక్టరీల వరుసగా ఉండేది. 2006లో తీసేశారు. అప్పటి నుంచి కెర్నల్ ఏదో ఒక పొట్టి పేరు ఇస్తుంది, మనుషులకి పనికొచ్చే పేర్లని కెర్నల్ బయట నడిచే యూడెవ్ అనే ప్రోగ్రామ్ లింకులుగా పెడుతుంది: బై-ఐడీ (సీరియల్‌ని బట్టి), బై-పాత్ (తగిలించిన చోటుని బట్టి), బై-యూయూఐడీ (ఫైల్‌సిస్టమ్ గుర్తింపు సంఖ్యని బట్టి).

కాబట్టి నా మాట ఇది. ఇది ఏ డిస్కు, అది ఎక్కడ తగిలించి ఉంది, దానికి ఏం చేతనవును, ఈ మూడు ప్రశ్నలకి ఒకే పేరుతో జవాబు చెప్పాలని చూడకండి. పేరు డిస్క్0 అని మొద్దుగా ఉండనివ్వండి. సీరియల్ నంబరు ఒక ఫీల్డు. పీసీఐ అడ్రసు, పోర్టు ఇంకో ఫీల్డు. సామర్థ్యాలు వేరే ఫీల్డులు. కెర్నల్ వాస్తవాలు చెప్పాలి, పేర్ల పంచాయితీలోకి దిగకూడదు.

నైట్‌షిఫ్ట్_అక్క:

కేబుల్_మామ గారు చెప్పింది కెర్నల్ రాసేవాళ్ల వైపు నుంచి. అర్ధరాత్రి డిస్కు పీకేవాళ్ల వైపు నుంచి నేను చెబుతాను.

నేను పనిచేసిన ఒక చోట రెయిడ్-5 బాక్సులో (ఒక డిస్కు పోయినా డేటా నిలిచే అమరిక) డిస్కు పోయింది. లాగ్‌లో ఎస్‌డీసీ అని ఎర్రర్లు. డ్యూటీలో ఉన్న కుర్రాడు ఏ, బీ, సీ అని లెక్కపెట్టి మూడో స్లాట్ పీకాడు. ఆ రోజు బూట్‌లో డిస్కులు వేరే వరుసలో పలికాయి, చెడిపోయింది మూడో స్లాట్‌లోది కాదు. రెయిడ్-5లో రెండో డిస్కు కూడా పోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆ సర్వర్ అమ్మిన కంపెనీ డ్రైవర్ కెర్నల్‌కి స్లాట్ నంబరు ఇవ్వనే ఇవ్వలేదు. వాళ్ల సొంత టూల్‌లో ఉంటుందట, ఆ టూల్ ఆ మెషీన్‌లో ఇన్‌స్టాల్ చేసి లేదు.

అందుకే నా కోరిక ఒక్కటే. మీ కెర్నల్ ఎర్రర్ ప్రింట్ చేసే ప్రతి లైన్‌లో డిస్క్2 అని మాత్రమే కాకుండా సీరియల్ నంబరూ, పోర్టూ పడాలి. మొద్దు పేరు మంచిదే, కానీ లాగ్‌లో ఆ మొద్దు పేరు ఒక్కటే మిగిలితే రీబూట్ తర్వాత అది ఎవరికీ పనికిరాదు.

అలాగని సీరియల్ నంబర్ని, యూయూఐడీని గుడ్డిగా నమ్మకండి. చవక యూఎస్‌బీ డబ్బాలు కొన్ని లోపల ఏ డిస్కు పెట్టినా ఒకే సీరియల్ చెబుతాయి. డీడీ కమాండ్‌తో డిస్కు మొత్తం కాపీ తీస్తే ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ కూడా కాపీ అవుతుంది. రెండూ ఒకే మెషీన్‌లో ఉంటే ఎక్స్‌ఎఫ్‌ఎస్ రెండోదాన్ని మౌంట్ చేయనంటుంది, కనీసం ఆ గొడవ బయటపడుతుంది. వేరే ఫైల్‌సిస్టమ్‌లలో మీ అదృష్టం.

కాపీ_పేస్ట్:

సరే ఒప్పుకుంటా అక్కా. కానీ పేరులో ఎన్‌వీఎంఈ అని కనపడితే అది వేగంగా ఉంటుందని తెలుస్తుంది కదా, డిస్క్3 అంటే ఏం తెలుస్తుంది?

కేబుల్_మామ:

వర్చువల్ మెషీన్‌లో ఎన్‌వీఎంఈ అని కనపడేది వెనకాల నెట్‌వర్క్ అవతల తిరిగే డిస్కు కూడా కావచ్చు. క్లౌడ్‌లో చాలావరకు అంతే. వేగం సంగతి కొలిచి తెలుసుకోవాలి.

చిన్న_కెర్నల్:

చాలా థాంక్స్. పేర్ల సంగతి తేలిపోయింది, డిస్క్0తోనే వెళ్తాను. ఇప్పుడు స్ట్రక్చర్. రీడ్, రైట్, మొత్తం సెక్టార్ల సంఖ్య, ఈ మూడూ పెట్టాను. ఇంకేం కావాలి? ఎస్‌పీఐ ఫ్లాష్ చిప్‌ని కూడా ఇందులోనే ఇరికించేద్దామనుకుంటున్నాను, రీడ్ రైట్ రెండూ ఉన్నాయి కదా అని.

కేబుల్_మామ:

ఫ్లాష్ చిప్‌ని ఇరికించకండి. ముందు అదే చెబుతాను, ఎందుకంటే చాలామంది అక్కడే తప్పు దారి పడతారు.

ఎస్‌పీఐ నార్ ఫ్లాష్‌లో రైట్ అంటే 1ని 0 చేయడమే. 0ని మళ్లీ 1 చేయాలంటే ఎరేజ్ చేయాలి, అదీ ఒక బైటుకి కుదరదు, 4 కేబీ లేదా 64 కేబీ ముక్క మొత్తానికి. మీరు దాన్ని 512 బైట్ల సెక్టార్ డిస్కుగా చూపిస్తే, ఫైల్‌సిస్టమ్ ఒక సెక్టార్ మార్చినప్పుడల్లా మీ డ్రైవర్ 4 కేబీ చదివి, చెరిపి, మళ్లీ రాయాలి. మధ్యలో కరెంటు పోతే ఆ 4 కేబీలో ఉన్న మిగతా ఏడు సెక్టార్లూ పోతాయి, వాటి జోలికి ఎవరూ వెళ్లకపోయినా సరే. పైగా ఒకే చోట చెరుపుతూ పోతే ఆ ముక్క త్వరగా అరిగిపోతుంది. లైనక్స్‌లో దీనికోసం ఎంటీడీ అని వేరే వర్గమే ఉంది. అందులో ఎరేజ్ కూడా ఒక ఆపరేషన్. ఎంటీడీబ్లాక్ అని పైన మామూలు డిస్కులా చూపించే ఒక ముసుగు కూడా ఉంది, అది వాడి యూబీఐ (ఫ్లాష్ అరుగుదల చూసుకునే పొర) లేకుండా మామూలు ఫైల్‌సిస్టమ్ పెట్టినవాళ్లు బాగుపడినట్టు నేను చూడలేదు. మీరూ ఫ్లాష్0 అని వేరే రకం పెట్టుకోండి: రీడ్, ప్రోగ్రామ్, ఎరేజ్, ఎరేజ్ సైజు.

ఎస్‌డీ కార్డు అలా కాదు. లోపల ఫ్లాషే అయినా దాని సొంత కంట్రోలర్ ఆ తలనొప్పంతా తీసుకుంటుంది, కాబట్టి అది నిఖార్సైన బ్లాక్ డివైస్. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. 2 జీబీ వరకూ ఉన్న పాత కార్డులకి కమాండ్‌లో ఇచ్చే అడ్రసు బైట్లలో ఉంటుంది, ఎస్‌డీహెచ్‌సీ నుంచి 512 బైట్ల బ్లాకుల్లో ఉంటుంది. ఆ తేడా డ్రైవర్ లోపలే సమసిపోవాలి, పైకి రాకూడదు. మీ బోర్డులో ఈఎంఎంసీ (బోర్డుకే అతికించిన, ఎస్‌డీ కార్డు లాంటి చిప్) కూడా ఉంటే అందులో బూట్0, బూట్1, ఆర్‌పీఎంబీ అని హార్డ్‌వేర్ పార్టిషన్లు ఉంటాయి. బూట్ భాగాలు విడి డిస్కులుగా చూపించొచ్చు. ఆర్‌పీఎంబీ కుదరదు, దానికి రహస్య కీతో సంతకం చేసిన ఫ్రేములు పంపాలి. లైనక్స్ కూడా మొదట దాన్ని బ్లాక్ డివైస్‌గా పెట్టి, తర్వాత క్యారెక్టర్ డివైస్‌గా (డిస్కులా సెక్టార్లు చూపించనిది) మార్చింది.

ఇప్పుడు మీ 512 టెన్షన్. లైనక్స్ లోపల సెక్టార్ అంటే ఎప్పుడూ 512 బైట్లే, డిస్కు 4096 అన్నా సరే. అది చరిత్ర. వర్ట్‌ఐఓ బ్లాక్‌లో కూడా కెపాసిటీ ఎప్పుడూ 512 లెక్కలోనే చెబుతుంది, అసలు బ్లాక్ సైజు వేరే ఫీల్డులో ఉంటుంది. ఎన్‌వీఎంఈలో నేమ్‌స్పేస్ (డిస్కుగా కనపడే భాగం) ఫార్మాట్ చూసి తెలుసుకోవాలి, 9 అని ఉంటే రెండు పవర్ తొమ్మిది, అంటే 512, 12 అని ఉంటే 4096. ఇన్ని లెక్కలు కలిస్తే ఎక్కడో ఒకచోట ఎనిమిదితో గుణించడం మర్చిపోతారు. నేనైతే పై పొరలో బైట్ ఆఫ్‌సెట్ వాడతాను, 64 బిట్లు. ఫ్రీబీఎస్‌డీలో జియోమ్ అనే డిస్కు పొర చేసేది అదే. డ్రైవర్ దగ్గరికి వచ్చాక తన బ్లాక్ సైజుతో భాగిస్తుంది, శేషం మిగిలితే ఎర్రర్ ఇస్తుంది. ఫిజికల్ బ్లాక్ సైజు కూడా విడిగా ఉంచండి. చాలా హార్డ్ డిస్కులు బయటికి 512 అంటాయి, లోపల 4096. పార్టిషన్ మొదలు సరిగ్గా కూర్చోకపోతే ప్రతి రైటూ డబుల్ పని అవుతుంది.

మీరు మర్చిపోయింది ఫ్లష్. డిస్కులో కాష్ ఉంటుంది, "రాశాను" అని చెప్పినా ఇంకా రాసి ఉండదు. ఏహెచ్‌సీఐ డిస్కుకి ఫ్లష్ కాష్ కమాండ్ ఉంది, ఎన్‌వీఎంఈకి ఫ్లష్ ఉంది, వర్ట్‌ఐఓలో ఆ ఫీచర్ బిట్ ఒప్పుకుంటేనే ఉంటుంది. స్ట్రక్చర్‌లో ఫ్లష్ లేకపోతే మీ ఫైల్‌సిస్టమ్ జర్నల్ (కరెంటు పోయినా కోలుకోవడానికి రాసుకునే చిట్టా) ఉత్త అలంకారం. దాంతో పాటు ఒక రిక్వెస్టులో గరిష్ఠంగా ఎన్ని బైట్లు, డిస్కార్డ్ (ఈ బ్లాకులు ఇక అక్కర్లేదని డిస్కుకి చెప్పడం) వస్తుందా రాదా, రాయడానికి వీల్లేని డిస్కా, తీసేయదగినదా, ఇవి చాలు.

రీడ్, రైట్ ఫంక్షన్ పాయింటర్లు పని అయ్యేదాకా ఆగేవి అయితే ఇప్పుడే మార్చండి. సాటాలో ఒకేసారి 32 కమాండ్లు, ఎన్‌వీఎంఈలో ఒక్కో క్యూకే వేలల్లో పట్టే చోటు ఉంటుంది. "ఇదిగో రిక్వెస్టు, అయ్యాక ఈ ఫంక్షన్ పిలువు" అన్నట్టు ఉండాలి. ఆగి చేసే పద్ధతిని దాని మీద నాలుగు లైన్లలో కట్టుకోవచ్చు. ఉల్టా కట్టడం నరకం.

తొమ్మిదో_ప్లాన్:

స్ట్రక్చర్ లోపల ఎలా ఉన్నా, బయటికి ఎలా చూపిస్తారన్నది కూడా ముఖ్యం. ప్లాన్ 9 ఆపరేటింగ్ సిస్టమ్‌లో ప్రతి డిస్కూ ఒక డైరెక్టరీ. అందులో సీటీఎల్ (కంట్రోల్), రా అని ఫైళ్లు, ఆపైన డేటా, పార్టిషన్లు తలా ఒక ఫైలు. సీటీఎల్ చదివితే మోడల్, సైజు మామూలు టెక్స్ట్‌గా వస్తాయి. అందులోకి ఒక లైన్ రాస్తే పార్టిషన్ పుడుతుంది. పార్టిషన్ టేబుల్ చదివే కోడ్ కెర్నల్‌లో ఉండక్కర్లేదు, బయటి ప్రోగ్రామ్ చదివి సీటీఎల్‌కి చెబుతుంది. ఐఓసీటీఎల్ (డివైసుకో రకంగా ఉండే ప్రత్యేక కాల్స్) గందరగోళం అసలు ఉండదు. చిన్న కెర్నల్‌కి ఇంతకంటే హాయి లేదు.

కేబుల్_మామ:

బాగుంటుంది, నేను కాదనను. రూట్ పార్టిషన్ దొరకాలంటే ఎవరో ఒకరు టేబుల్ చదవాలి కాబట్టి మొదటి ప్రోగ్రామ్‌ని ర్యామ్ డిస్కులో పెట్టుకోవాల్సి వస్తుంది, అంతే తేడా. మీ అక్కడి డిస్కు పేరు మాత్రం ఎస్‌డీసీ0, సీ అంటే మొదటి ఐడీఈ కంట్రోలర్. మళ్లీ డోర్ నంబరే!

చిన్న_కెర్నల్:

డైరెక్టరీ ఐడియా నచ్చింది. ఒక డౌట్. పెన్ డ్రైవ్ లాంటిది పీకేసి ఇంకోటి పెడితే అదే నంబరు మళ్లీ ఇవ్వొచ్చా? డిస్క్2 పోయింది, కొత్తది డిస్క్2 అయితే తప్పా?

కేబుల్_మామ:

పాతదాన్ని ఎవరైనా ఇంకా తెరిచి పట్టుకుని ఉంటే ఇవ్వకూడదు. చివరి హ్యాండిల్ మూసేదాకా పాత ఆబ్జెక్టు బతికే ఉండాలి, ఏం అడిగినా ఎర్రర్ ఇస్తూ. అందరూ వదిలాక నంబరు తిరిగి వాడొచ్చు, కానీ దాంతో పాటు ఎప్పటికీ తిరిగి రాని ఒక వరుస సంఖ్య కూడా ఇవ్వండి. లైనక్స్ ఈ పని 5.15లో డిస్క్‌సీక్ పేరుతో చేసింది. లూప్ డివైసులు (ఒక ఫైల్‌ని డిస్కులా చూపించేవి) క్షణాల్లో పుట్టి పోతుంటే, అందిన కబురు ఏ లూప్0 గురించో బయటి ప్రోగ్రామ్‌లకి తెలిసేది కాదు. మీకు 64 బిట్ల కౌంటరు ఒకటి, డిస్కు చేరినప్పుడల్లా ఒకటి పెంచడం. మొదటి రోజే పెట్టేస్తే ఖర్చే లేదు.

నైట్‌షిఫ్ట్_అక్క:

సీరియల్ ప్రింట్ చేసేటప్పుడు ఒకటి చూసుకోండి. సాటా డిస్కు ఐడెంటిఫై డేటాలో మోడల్, సీరియల్ అక్షరాలు జంట జంటగా తారుమారై ఉంటాయి, 16 బిట్ల పదాల్లో పై బైటు ముందు చదవాలి. ఎన్‌వీఎంఈలో అలా ఉండదు, తిన్నగానే ఉంటాయి. రెండింటిలోనూ సీరియల్ 20 అక్షరాలకి స్పేస్‌లతో నింపి ఉంటుంది, ముందూ వెనకా ఉన్నవి కత్తిరించి దాచండి. లేకపోతే స్టిక్కర్ మీదున్న నంబరుతో లాగ్‌లో వెతికేవాళ్లకి ఎప్పటికీ దొరకదు.